మారువేషం వేసిన సూక్ష్మజీవి
మట్టిలోని ఒక అరుదైన జబ్బును ప్రయోగశాల ఎలా పట్టుకుంటుంది?

తొలకరి వానలు పడగానే మన మోత్కూరు చుట్టుపక్కల పొలాల్లో సందడి మొదలవుతుంది. చెరువుల కింద, బోరుబావుల కింద మడులు నీటితో నిండుతాయి. దమ్ము చేసిన మడిని మన వైపు కరిగెట అంటాం. ఆ కరిగెటలో మోకాలిలోతు బురదలో దిగి మన తల్లిదండ్రులు పొద్దంతా నాట్లు వేస్తారు. మీలో చాలామంది సెలవు రోజుల్లో దిగే ఉంటారు.

ఆ బురదను చిటికెడు తీసుకుని శక్తిమంతమైన సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో కోట్ల కొలది బాక్టీరియాలు కనబడతాయి. భయపడకండి. వాటిలో దాదాపు అన్నీ మనకు మిత్రులే. ఆకులను కుళ్ళబెట్టి ఎరువుగా మార్చేవి, గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించేవి, ఇలా ఎన్నో ఉన్నాయి. అవి లేకపోతే పంటే లేదు.

కాని కొన్ని ప్రాంతాల తడి మట్టిలో ఈ మిత్రుల మధ్య ఒక శత్రువు కూడా నివసిస్తుంది. దాని పేరు బర్కోల్డేరియా సూడోమాలై. అది కలిగించే జబ్బు పేరు మెలియోయిడోసిస్. పేరు నోరు తిరగనిదే. అయినా 2025 సెప్టెంబరులో ఈ పేరు తెలుగు పత్రికలన్నిటిలోనూ అచ్చయింది. గుంటూరు జిల్లాలోని తురకపాలెం గ్రామంలో కొద్ది నెలల వ్యవధిలో ఇరవై మందికి పైగా మరణించారు. ఆ ఊళ్ళో వైద్యశిబిరాలు పెట్టారు. ఊరివారి రక్తం, అక్కడి మట్టి, నీరు పరీక్షలకు పంపారు. అప్పుడు వైద్యులు అనుమానించిన జబ్బుల్లో మెలియోయిడోసిస్ ఒకటి.

విద్యార్థులారా, ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. అనుమానం వేరు, నిర్ధారణ వేరు. రోగిని చూసి వైద్యుడు అనుమానించగలడు. కాని 'ఇదిగో, దోషి ఇదే' అని చూపవలసింది ప్రయోగశాల. అందరూ ఎరిగిన టైఫాయిడ్ క్రిమిని గుర్తించడం ప్రయోగశాలకు నిత్యకృత్యం. ఎన్నడో ఒకసారి వచ్చే క్రిమిని గుర్తించడం ఎలా? అందులోని చిక్కులేమిటి? మెలియోయిడోసిస్‌ను ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

రంగూన్‌లో మొదలైన కథ

ఈ క్రిమిని మొదట పట్టుకున్నది బర్మా దేశంలోని రంగూన్ నగరంలో. సంవత్సరం 1911. ఆ రోజుల్లో బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం. సముద్రం దాటి వెళ్ళిన వేలాదిమంది తెలుగువారు అక్కడి రేవులో, ధాన్యం మిల్లులలో కూలిపని చేసేవారు.

రంగూన్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే వైద్యుడు, సి.ఎస్. కృష్ణస్వామి అనే భారతీయ వైద్యుడు కలిసి పనిచేసేవారు. జ్వరంతో చనిపోయిన కొందరు నిరుపేదల శవాలను పరీక్షించినప్పుడు వారికి ఒక వింత కనబడింది. ఊపిరితిత్తులలో, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు ఉన్నాయి. ఇలాంటి గడ్డలు గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే జబ్బులో ఉంటాయి. అరుదుగా అది గుర్రాలను సాకేవారికీ అంటుకుంటుంది. మరి ఈ రోగులకు గుర్రాలతో సంబంధమే లేదు!

వారు చీములోని క్రిమిని వేరుచేసి పెంచారు. చూపులకు గ్లాండర్స్ క్రిమిలాగే ఉంది. అయితే ఒక తేడా ఉంది. గ్లాండర్స్ క్రిమి కదలదు. ఇది చురుకుగా ఈదుతున్నది! పైగా గ్లాండర్స్ క్రిమికన్నా వేగంగా, దట్టంగా పెరుగుతున్నది. 'దాదాపు అలాగే ఉంది' అని ఊరుకోకుండా ఆ చిన్న తేడాను పట్టుకున్నందువల్లనే ఒక కొత్త జబ్బు బయటపడింది. వారు దాన్ని 1912లో వైద్యపత్రికలో ప్రకటించారు. 1921లో స్టాంటన్, ఫ్లెచర్ అనే వైద్యులు దీనికి మెలియోయిడోసిస్ అని పేరుపెట్టారు. క్రిమి పేరులోని 'సూడోమాలై' అన్న మాటకు 'నకిలీ గ్లాండర్స్' అనే అర్థం వస్తుంది. అంటే దాని పేరులోనే మారువేషం ఉంది!

కృష్ణస్వామి 1917 నాటికే రంగూన్‌లో ఇలాంటి రోగుల వివరాలు రెండు వందలకు పైగా సేకరించారు. ఆ తరువాత ఏమయిందో తెలుసా? రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కొన్ని దశాబ్దాలపాటు బర్మా నుండి ఈ జబ్బు వార్తలు దాదాపుగా ఆగిపోయాయి. మట్టిలోని క్రిమి మాయమైపోయిందా? కాదు. దానికోసం వెదికే ప్రయోగశాలలు తగ్గిపోయాయి. మళ్ళీ వెదకడం మొదలుపెట్టగానే మళ్ళీ దొరికింది. 'కనబడలేదు' అనడానికీ 'లేదు' అనడానికీ ఎంత తేడా ఉందో చూశారా!

వైద్యుణ్ణి తికమకపెట్టే జబ్బు

ఈ క్రిమి తడి మట్టిలో, నిలువనీటిలో ఉంటుంది. ఎండాకాలం నేల లోపలి పొరల్లో దాక్కుని, వానలకు పైకి వస్తుంది. కాలి పగుళ్ళ ద్వారా, చేతి గాయాల ద్వారా శరీరంలో ప్రవేశిస్తుంది. ఈదురుగాలి, జోరువాన సమయంలో శ్వాస ద్వారా గాని, శుద్ధి చేయని నీటి ద్వారా గాని పోవచ్చు. ఒకరి నుండి ఒకరికి అంటుకోవడం మాత్రం చాలా అరుదు.

మట్టిని తాకిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. ఆరోగ్యవంతుల శరీరం సాధారణంగా దీన్ని అణచివేస్తుంది. షుగరు జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. రోగులలో సగానికి పైగా షుగరు జబ్బు ఉన్నవారే ఉంటారని చాలా దేశాల అనుభవం చెబుతున్నది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, విపరీతంగా మద్యం తాగేవారికి కూడా ప్రమాదమే.

క్రిమి ప్రవేశించిన తరువాత సాధారణంగా 1 నుండి 21 రోజులలో జబ్బు బయటపడుతుంది. కొందరిలో నెలల తరబడి, ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండి తరువాత పైకి లేస్తుంది. ఇక లక్షణాలంటారా, ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరు! ఊపిరితిత్తులలో చేరితే దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తాయి. అచ్చం క్షయలాగే ఉంటుంది. రక్తంలో చేరితే టైఫాయిడ్ అనిపించే జ్వరం వస్తుంది. కాలేయంలోనో ప్లీహంలోనో చీముగడ్డలు కడతాయి. కీళ్ళు వాస్తాయి. చర్మంపై మానని పుండ్లు పడతాయి. థాయిలాండ్, కంబోడియా దేశాల పిల్లలలో చెవి కింది లాలాజల గ్రంథి వాచి, చూడడానికి గవదబిళ్ళల్లా ఉంటుంది.

ఇన్ని వేషాలు వేసే జబ్బును కేవలం రోగిని చూసి చెప్పడం ఎవరి తరం? క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడినా గుణం కనిపించని రోగులలో కొందరు చివరకు మెలియోయిడోసిస్ రోగులని తేలిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. ఆ నెలలన్నీ రోగికి నష్టమే.

మొదటి మెట్టు: నమూనా

ప్రయోగశాల పని రోగి దగ్గర నుండి నమూనా తీసుకోవడంతో ప్రారంభమవుతుంది. రక్తం, చీము, కళ్ళె, మూత్రం, గొంతు నుండి దూదిపుల్లతో తీసిన తెమడ, వీటిలో వీలైనన్నిటినీ తీసుకుంటారు. సాధ్యమైనంతవరకు సూక్ష్మజీవనాశక మందులు మొదలుపెట్టక ముందే తీయాలి. ఎందుకంటే మందు పడిన తరువాత క్రిములు సగం చచ్చి, సగం నీరసించి, ప్రయోగశాలలో మొలకెత్తవు.

రక్తాన్ని నేరుగా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఎంత జబ్బుగా ఉన్న రోగిలోనైనా ఒక మిల్లీలీటరు రక్తంలో ఒకటి రెండు క్రిములు మాత్రమే ఉండవచ్చు. గడ్డివాములో సూదిని వెదకడం కన్నా కష్టం! అందుకని రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి, మన శరీరపు వెచ్చదనంలో, అనగా 35 నుండి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. ఒక్క క్రిమి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఒకటి రెండు రోజుల్లో కోట్లవుతాయి. విత్తనం పెట్టి నారు పెంచినట్లే. దీన్నే వర్ధనం లేక కల్చర్ అంటారు.

రెండవ మెట్టు: రంగు

పెరిగిన ద్రవంలో ఒక చుక్కను గాజు పలకపై పరచి, ఆరబెట్టి, రంగు వేస్తారు. ఇది 1884లో డెన్మార్కు దేశస్థుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన పద్ధతి. మొదట ఊదారంగు, తరువాత అయొడిన్, ఆ తరువాత ఆల్కహాలుతో కడగడం, చివరకు ఎర్రరంగు. గోడ మందంగా ఉన్న బాక్టీరియాలు ఊదారంగును వదలవు. వీటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. గోడ పలుచనివి ఊదారంగును వదిలేసి గులాబీరంగు పూసుకుంటాయి. ఇవి గ్రామ్ నెగెటివ్.

మన మారువేషధారి గులాబీరంగు కడ్డీలా కనిపిస్తుంది. కొన్నిసార్లు కడ్డీ రెండు చివరలూ ముదురుగా, మధ్యభాగం వెలిసిపోయినట్లు ఉంటుంది. మూసిన పిన్నీసును తలచుకోండి, అలా! అయితే దీన్నిబట్టి తీర్పు చెప్పరాదు. పిన్నీసులా కనిపించే బాక్టీరియాలు మరికొన్ని ఉన్నాయి. ఇది ఆనవాలు మాత్రమే, సాక్ష్యం కాదు.

మూడవ మెట్టు: పళ్ళెంలో పంట

తరువాత క్రిములను గాజు పళ్ళెంలోని గట్టి యానకంపై గీస్తారు. ఈ మూతపళ్ళేన్ని 1887లో జూలియస్ రిచర్డ్ పెట్రీ వర్ణించాడు. యానకం గట్టిపడడానికి వాడేది అగార్. సముద్రపు నాచు నుండి తీసే ఈ పదార్థాన్ని వంటింటి నుండి ప్రయోగశాలకు తెచ్చిన ఘనత ఫానీ హెస్సే అనే గృహిణిది. మురబ్బాలు గట్టిపడడానికి తాను వాడే అగార్‌ను ఆమె 1881 ప్రాంతంలో భర్తకు సూచించింది. ఆ సలహా రాబర్ట్ కాక్ ప్రయోగశాలకు చేరి, అక్కడి నుండి ప్రపంచమంతా పాకింది.

పళ్ళెంలో ఒక్కొక్క క్రిమి ఉన్నచోటనే పెరిగి గుంపు కడుతుంది. ఆ గుంపును కాలనీ అంటారు. కాలనీని కంటితోనే చూడవచ్చు. అసలు తంటా ఇక్కడే ఉంది. మొదటి రోజు మన క్రిమి కాలనీలు చిన్నగా, నున్నగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటాయి. సూడోమోనాస్ అనే మామూలు క్రిమి కాలనీలని పొరబడేందుకు వీలుంది. రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల కాలనీలు పొడిబారి, ముసలివాని చర్మంలా ముడుతలు పడతాయి. అప్పుడు చూస్తే అనుభవజ్ఞులకు అనుమానం వస్తుంది. కాని పనిభారం ఎక్కువగా ఉన్న ప్రయోగశాల రెండవ రోజుకే 'ఏదో సూడోమోనాస్' అని రాసేసి పళ్ళెం పారవేస్తే? ముడుతలు పడకముందే దోషి తప్పించుకుపోతాడు!

నమూనాలో ఇతర క్రిములు కూడా ఉంటే మరో చిక్కు. కళ్ళెలో, గొంతు తెమడలో ఎన్నో నిరపాయకరమైన క్రిములు ఉంటాయి. అవి వేగంగా పెరిగి, వరిని ఊద కప్పివేసినట్లు మన క్రిమిని కప్పివేస్తాయి. ఈ సమస్యకు ఆస్ట్రేలియాలోని ఆష్‌డౌన్ అనే శాస్త్రజ్ఞుడు 1979లో చక్కని ఉపాయం కనిపెట్టాడు. తాను చేసిన యానకంలో జెంటామైసిన్ అనే మందును, క్రిస్టల్ వయొలెట్ అనే రంగును కలిపాడు. ఈ రెండూ ఇతర క్రిములను చాలావరకు ఆపివేస్తాయి. మన క్రిమి మాత్రం జెంటామైసిన్‌ను లెక్కచేయదు. హాయిగా పెరిగి, యానకంలోని మరొక రంగును పీల్చుకుని ఊదారంగు ముడుతల పువ్వులా కనిపిస్తుంది. శత్రువు బలాన్నే వాడుకుని శత్రువును పట్టుకోవడమంటే ఇదే.

నాల్గవ మెట్టు: చిన్న పరీక్షలు, పెద్ద ఆధారాలు

ఇప్పుడు కాలనీని కొన్ని ప్రశ్నలు అడగాలి. క్రిమి మాట్లాడదు గనుక రసాయనాల ద్వారా అడుగుతారు.

మొదటి ప్రశ్న: నీలో ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉందా? కాలనీ నుండి కొంచెం తీసి రసాయనం అద్దిన కాగితంపై రుద్దుతారు. కొద్ది సెకన్లలో ముదురు ఊదారంగు వస్తే 'ఉంది' అని జవాబు. మన పేగులలో నివసించే ఇ-కోలై, టైఫాయిడ్ క్రిమి 'లేదు' అంటాయి. మన క్రిమి 'ఉంది' అంటుంది. సూడోమోనాస్ కూడా 'ఉంది' అంటుంది! అందువల్ల మరో ప్రశ్న కావాలి.

రెండవ ప్రశ్న: ఏ మందుకు లొంగుతావు? పళ్ళెమంతా క్రిములను పరచి, మందులద్దిన చిన్న కాగితపు బిళ్ళలను పెడతారు. లొంగే మందు చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. లొంగని మందు బిళ్ళ దాకా క్రిమి పెరుగుతుంది. మూడు బిళ్ళలు చాలు. జెంటామైసిన్, కొలిస్టిన్ అనే మందులకు మన క్రిమి సాధారణంగా లొంగదు. అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం కలిపిన మందుకు లొంగుతుంది. సూడోమోనాస్ తీరు మామూలుగా దీనికి తలకిందులు. కొలిస్టిన్‌కు లొంగుతుంది, తరచు జెంటామైసిన్‌కూ లొంగుతుంది, మూడవదానికి లొంగదు.

ఖరీదైన యంత్రమేదీ లేకుండా, జిల్లా ఆసుపత్రి ప్రయోగశాలలో చేయగల పరీక్షలివి. గ్రామ్ నెగెటివ్ కడ్డీ, ఆక్సిడేజ్ ఉంది, మొదటి రెండు మందులకు లొంగదు, మూడవదానికి లొంగుతుంది. ఈ నాలుగూ కలిసివచ్చాయంటే ప్రయోగశాల వెంటనే వైద్యునికి ఫోను చేయాలి.

శాస్త్రంలో ప్రతి నియమానికీ మినహాయింపు కోసం చూడాలి. మలేషియాలోని సారవాక్ ప్రాంతంలో జెంటామైసిన్‌కు లొంగే మెలియోయిడోసిస్ క్రిములు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఆష్‌డౌన్ యానకం అక్కడ వాటిని పెరగనివ్వదు! అందుకనే ఒక్క పరీక్షను నమ్ముకోరాదు.

యంత్రం కూడా పొరబడుతుందా?

నేటి పెద్ద ఆసుపత్రులలో క్రిములను గుర్తించే యంత్రాలు ఉన్నాయి. మాల్డీ-టాఫ్ అనే యంత్రం కాలనీపై లేజరు కిరణం ప్రసరింపజేసి, అందులోని ప్రోటీన్ల బరువులను కొలుస్తుంది. ఆ బరువుల వరుసను తన జ్ఞాపకంలోని వేల వరుసలతో పోల్చి కొద్ది నిమిషాలలో పేరు చెబుతుంది. మన వేలిముద్రలు పోల్చినట్లే.

కాని ఆలోచించండి. వేలిముద్రల పుస్తకంలో దొంగ వేలిముద్రే లేకపోతే? యంత్రం దగ్గరి పోలికగల మరొకరి పేరు చెప్పే ప్రమాదం ఉంది. మెలియోయిడోసిస్ క్రిమి విషయంలో ఇలాగే జరిగింది. దాని సమాచారం సరిగా లేని యంత్రాలు, అదే కుటుంబానికి చెందిన, అంతగా హాని చేయని బర్కోల్డేరియా థాయిలాండెన్సిస్ పేరు చెప్పిన సందర్భాలున్నాయి. రసాయన పరీక్షలు తామే చేసే యంత్రాలు కూడా ఇతర క్రిముల పేర్లు చెప్పాయి. యంత్రం తనకు నేర్పినదే చెబుతుంది. మూడు బిళ్ళల పరీక్ష ఒక పేరు, యంత్రం మరొక పేరు చెబితే, రెండింటిలో ఏది సరియైనదో తేల్చే పని మనిషిదే.

అటువంటప్పుడు ఇంకా గట్టి పరీక్షలు చేస్తారు. ఈ క్రిమిని మాత్రమే పట్టుకునే ప్రతిదేహాలను అద్దిన సన్నని రబ్బరు పూసలతో కాలనీని కలిపితే, కొద్ది నిమిషాలలోనే పూసలు పెరుగు విరిగినట్లు గడ్డకడతాయి. ఇది లేటెక్స్ పరీక్ష. క్రిమి జన్యువులోని ఒక ప్రత్యేక భాగాన్ని వెదికి, లక్షల రెట్లు పెంచి చూపే పి.సి.ఆర్. పరీక్ష మరొకటి. కరోనా కాలంలో ఈ పేరు మీరు విన్నదే.

ఇన్ని ఉన్నా ఒక పరిమితి ఉంది. నిజంగా మెలియోయిడోసిస్ ఉన్న వందమందిలో దాదాపు అరవై మందిలోనే వర్ధన పరీక్ష క్రిమిని చూపగలదని థాయిలాండ్ పరిశోధకులు 2010లో లెక్కకట్టారు. కాబట్టి ఒకసారి 'క్రిమి పెరగలేదు' అని వచ్చినా, వైద్యుని అనుమానం బలంగా ఉంటే మళ్ళీ నమూనాలు పంపాలి.

పేరు తెలిస్తే ఏం లాభం?

జబ్బు ఏదైతేనేం, మందు ఇస్తే పోదా అనుకునేవారున్నారు. పోదు. మామూలుగా వాడే చాలా మందులకు ఈ క్రిమి లొంగదని ఇప్పుడే చూశాం. దీనికి సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ అనే మందును కనీసం పది నుండి పద్నాలుగు రోజులు రక్తనాళంలోకి ఎక్కించాలి. అంతటితో ఆగరాదు. లోపల నక్కిన క్రిములు మళ్ళీ లేవకుండా కోట్రైమాక్సజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు మింగాలి. క్రిమి పేరు తెలియకపోతే ఈ మందులు, ఇన్ని రోజులు ఎవరు ఇస్తారు?

ఈశాన్య థాయిలాండ్‌లో ఈ జబ్బు వచ్చిన నూరుమందిలో సుమారు నలభై మంది మరణిస్తూ వచ్చారు. ఉత్తర ఆస్ట్రేలియాలో త్వరగా గుర్తించి, సరియైన మందుతో, మంచి వసతులతో చికిత్స చేయడం వల్ల మరణాలు నూటికి పది దాకా తగ్గాయి. క్రిమి అదే, మనుషులూ అలాంటివారే. తేడా అంతా గుర్తించడంలో, చికిత్సలో ఉంది.

2016లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రపంచం మొత్తంమీద ఏటా సుమారు 1,65,000 మందికి ఈ జబ్బు వస్తున్నదని, 89,000 మంది మరణిస్తున్నారని అంచనా వేశారు. అందులో దాదాపు 44 శాతం భారం దక్షిణాసియాదే అన్నారు. మన దేశంలో పుస్తకాలకెక్కిన కేసులు ఈ లెక్కలో అతి స్వల్పం. కర్ణాటకలోని మణిపాల్, తమిళనాడులోని వేలూరు వైద్య కళాశాలల నుండి ఎక్కువ కేసులు వెలుగులోకి వచ్చాయి. కారణం అక్కడి మట్టి మాత్రమేనా? అక్కడి ప్రయోగశాలలు దీన్ని గుర్తించడం నేర్చుకోవడం కూడా ఒక కారణమే. 'అరుదైన జబ్బు' అని మనం అంటున్నది కొన్నిసార్లు అరుదుగా వచ్చే జబ్బు కాదు, అరుదుగా గుర్తించబడే జబ్బు.

గొర్రెల కాపరి జ్వరం

ఇలాంటిదే మరొక ఉదాహరణ చెబుతాను. మన ప్రాంతంలో గొర్రెలు, మేకలు సాకే కుటుంబాలు చాలా ఉన్నాయి. పశువుల నుండి మనుషులకు వచ్చే బ్రూసెల్లోసిస్ అనే జబ్బులో జ్వరం వస్తూ పోతూ వారాల తరబడి వేధిస్తుంది. చెమటలు పడతాయి, కీళ్ళు నొప్పి పెడతాయి. ఈ క్రిమిని 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ కనుగొన్నాడు. అది మేకపాల ద్వారా వస్తున్నదని 1905లో అదే ద్వీపానికి చెందిన జామిట్ తేల్చాడు. పచ్చిపాలు తాగినా, ఈనిన పశువు మావిని వట్టి చేతులతో తీసినా సోకవచ్చు.

ఈ క్రిమి చాలా మెల్లగా పెరుగుతుంది. మామూలు గడువు దాటిన తరువాత మొలకెత్తవచ్చు. రోగి కాపరి అని ముందే తెలిస్తే ప్రయోగశాల సీసాను ఎక్కువ రోజులు ఉంచుతుంది. ప్రతిదేహాల కోసం రక్తాన్ని కూడా పరీక్షిస్తుంది. ఇంకో ముఖ్య విషయం ఉంది. బ్రూసెల్లా, మెలియోయిడోసిస్ క్రిములు రెండూ పరీక్షించేవారికే సోకగలవు. ముడుతల కాలనీ నుండి మట్టివాసన వస్తుందని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది గాని, పళ్ళేన్ని వాసన చూడడం ప్రమాదకరం. గాలిని వడకట్టే భద్రతా గూటిలో, చేతితొడుగులతో పనిచేయాలి. నమూనాతోపాటు 'ఫలానా జబ్బు అనుమానం' అని చీటీపై రాస్తే ప్రయోగశాలలో పనిచేసేవారి ప్రాణం కూడా కాపాడినట్లే.

మనం చేయగలిగినది

ప్రయోగశాలకు కావలసిన మొదటి ఆధారం యంత్రం నుండి రాదు, రోగి నోటి నుండి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా వారం దాటినా జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఈ వివరాలు తప్పక చెప్పండి: ఏ పని చేస్తారు? ఈ మధ్య నాట్లకో, కలుపుకో బురదలో దిగారా? కాళ్ళకు గాయాలున్నాయా? షుగరు జబ్బు ఉందా? గొర్రెలు, మేకలు ఉన్నాయా? ఇంతవరకు ఏ మందులు వాడారు? ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు మీ నోటుపుస్తకంలో రాసి తీసుకువెళితే వైద్యునికి ఎంతో సాయం.

పొలంలో దిగే షుగరు రోగులు రబ్బరు బూట్లు, చేతితొడుగులు వేసుకోవడం మంచిది. కాలి పగుళ్ళను, గాయాలను నీరు చొరని పట్టీతో కప్పాలి. పని ముగించగానే మంచినీటితో, సబ్బుతో కడుక్కోవాలి. తాగే నీటిని, పాలను మరిగించాలి. జ్వరం రాగానే దుకాణంలో అడిగి సూక్ష్మజీవనాశక మందులు మింగరాదు. అవి జబ్బును తగ్గించకపోగా, ప్రయోగశాలలో క్రిమి మొలకెత్తకుండా చేసి ఆనవాళ్ళు చెరిపివేస్తాయి. వైద్యుడు మూడు నెలలు మాత్రలు వాడమంటే, ఒంట్లో బాగున్నా మూడు నెలలూ వాడాలి.

ఇంకొక మాట. బురదలోని క్రిములను ఇంట్లోనో బడిలోనో పెంచి చూద్దామని ఎవరూ ప్రయత్నించకండి. బడి సూక్ష్మదర్శినిలో పెరుగు చుక్కను చూడండి. అందులోని మంచి బాక్టీరియాలు మీకు చాలినంత వినోదం కలిగిస్తాయి.

మీరే పరీక్షకులైతే?

ఒక ఆసుపత్రి ప్రయోగశాలకు నాలుగు నమూనాలు వచ్చాయనుకుందాం. మీరైతే ఏం రాస్తారు?

1. గ్రామ్ నెగెటివ్ కడ్డీ. ఆక్సిడేజ్ లేదు.
2. గ్రామ్ నెగెటివ్ కడ్డీ. ఆక్సిడేజ్ ఉంది. జెంటామైసిన్, కొలిస్టిన్ బిళ్ళల చుట్టూ ఖాళీ వలయాలు ఉన్నాయి. అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం బిళ్ళ చుట్టూ లేదు.
3. గ్రామ్ నెగెటివ్ కడ్డీ. ఆక్సిడేజ్ ఉంది. జెంటామైసిన్, కొలిస్టిన్ బిళ్ళల చుట్టూ వలయం లేదు. మూడవ బిళ్ళ చుట్టూ ఉంది. రోగి వరిరైతు, షుగరు జబ్బు ఉంది.
4. రక్తంలో క్రిమి పెరగలేదు. రోగికి ప్లీహంలో చీముగడ్డలు, షుగరు జబ్బు, వానాకాలంలో మొదలైన జ్వరం ఉన్నాయి.

జవాబులు: 1. మెలియోయిడోసిస్ క్రిమి కాదు. ఇ-కోలై వంటి పేగు క్రిముల వైపు వెదకాలి. 2. సూడోమోనాస్ కావచ్చు. 3. మెలియోయిడోసిస్ అని గట్టిగా అనుమానించాలి. వెంటనే వైద్యునికి తెలిపి, కాలనీని భద్రతా గూటిలోకి మార్చి, లేటెక్స్ లేదా పి.సి.ఆర్. నిర్ధారణకు పంపాలి. 4. 'జబ్బు లేదు' అని రాయరాదు. రక్తం మళ్ళీ తీసి, చీము, మూత్రం, గొంతు తెమడ నమూనాలు కూడా అడగాలి.